అర మిల్లీమీటరు ఎక్కువ

ఫిబ్రవరి 3, సోమవారం

పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఇవాళ మీటింగులో కూర్చున్నాను. కుర్చీలో. ఎప్పట్లా తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడలేదు.

మా కోత యంత్రాలకి ఇన్నాళ్ళూ కార్బైడ్ బ్లేడ్లు పంపిన కంపెనీ మూతపడిందట. డబ్బాలో ఇంక పదకొండే ఉన్నాయి. సరిగ్గా ఇప్పుడే ఒక సంగీత పాఠశాల నుంచి పెద్ద పని వచ్చి పడింది. గదుల్లో మోత తగ్గడానికి గోడలకి అంటించే దళసరి ఫెల్టు (ఒత్తిన ఉన్ని) పలకలు, మూడు వేలు, అన్నీ ఆకుల ఆకారంలో. ఆకన్నాక కొస సన్నగా ఉండాలి కదా. బ్లేడు మొద్దుబారిందంటే ఆ కొసన నూగు లేచి పిల్లి తోకలా తయారవుతుంది.

ఫ్యాక్టరీ యజమాని మేడమ్ అందరి ముందూ నావైపు చూసి, "రెండో కోతబల్ల నడిపేదానివి, బ్లేడు సంగతి నీకన్నా ఎవరికి తెలుసమ్మా? ఎనిమిది కంపెనీలకి రాశాం, ఆరు నమూనాలు పంపుతామన్నాయి. కొనుగోళ్ళు చూసే ఆయనా నువ్వూ కలిసి ఏది మంచిదో తేల్చండి. రెండు వారాలు," అన్నారు.

కొనుగోళ్ళు చూసే ఆయనంటే కొలబద్దగారు. మూడు నెలల కింద పై అంతస్తు ఆఫీసులో చేరారు. చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట స్టీలు స్కేలుంటుంది. అందుకని మొదటి బల్ల మీద పనిచేసే సుత్తి ఆ పేరు పెట్టాడు. (సుత్తికి ఆ పేరు నేను పెట్టాను. నిద్రలో కూడా మాట్లాడతాడని వాళ్ళావిడే చెప్పింది.)

మీటింగయ్యాక ఆయన కిందికి దిగి నా బల్ల దగ్గరికొచ్చారు.

"ఏమండీ, బ్లేడు పనైపోయిందని మీకెలా తెలుస్తుంది?"

"చప్పుడు మారుతుందండీ."

"ఎలా మారుతుంది?"

ఇదెవరూ ఎప్పుడూ అడగలేదు. కాస్త ఆలోచించి చెప్పాను. "కొత్తది ఊపిరి వదిలినట్టు పోతుంది. అరిగింది గొంతు సవరించుకుంటూ పోతుంది."

ఆయన నోటుపుస్తకం తీసి రాసుకున్నారు. ‘గొంతు సవరించుకుంటూ’ అని ఆ మాటే రాశారు. నేను తొంగి చూశాను.

ఇంటికొచ్చి అత్తయ్యకి చెప్పాను, నా మాట ఒకళ్ళు పుస్తకంలో రాసుకున్నారని. "హాజరు పట్టీలో రోజూ నీ పేరు రాస్తున్నారుగా, దానికెప్పుడూ ఇలా ఎగరలేదే," అన్నారు.

ఎగరలేదు నేను. మామూలుగానే చెప్పాను.

ఫిబ్రవరి 5, బుధవారం

ఒకటో నంబరు నమూనా: పనికిరాదు. కొస దగ్గర తిరగలేక ఫెల్టుని ఈడ్చుకుపోయింది.

కోటు ఇస్త్రీ చేశాను. ఫెల్టు దుమ్ము పడుతుంది కాబట్టి.

ఫిబ్రవరి 6, గురువారం

"ఏమే, పనిలో వేసుకునే కోటుకి కూడా ఇస్త్రీయేనా?"

"ఫెల్టు దుమ్ము, అత్తయ్యా."

"ఇస్త్రీ మడత చూసి దుమ్ము భయపడి పారిపోతుందా?"

డెబ్బై ఒక్క ఏళ్ళొచ్చినా ఆవిడ కంటికి ఏదీ దాగదు. నలభై ఏళ్ళు దర్జీ కొట్లో కాజాలు కుట్టిన కళ్ళు.

రెండో నంబరు: కోత బాగుంది, మందం ఎక్కువ. వంపుల్లో గీత రెండు పాయలవుతోంది. ఆయన ప్రతి ఆకునీ కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో చూస్తారు. తర్వాత నాకిస్తారు. నేను వేలితో కొస తడిమి చెప్తాను. ఆయన కన్నూ నా వేలూ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా వేరుగా చెప్పలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

బుగ్గలు నొప్పి పుడుతున్నాయి. నవ్వి నవ్వి.

మూడో నంబరు పెట్టాం. పదకొండో ఆకు కొసన తిరుగుతూ ఫట్‌మని మొన విరిగింది. విరిగిన ముక్క లేచి వెళ్ళి పైనున్న రేకు దీపానికి టంగుమని తగిలింది. కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నాం, అయినా ఇద్దరం ఒక్కసారే బల్ల కిందికి దూరాం. తలలు ఢీకొన్నాయి. అక్కడ చీకట్లో గొంతుక్కూర్చుని ఆయన ఎంతో మర్యాదగా, "మూడో నంబరు వారు తమ అభిప్రాయం చెప్పేశారు," అన్నారు.

ఇంక ఆగలేదు. ఆయన నవ్వితే తుమ్మినట్టుంటుంది. అది విని నాకు మళ్ళీ నవ్వు. సుత్తి పరిగెత్తుకొచ్చి వంగి చూసి, "దెబ్బ తగిలిందా, నీళ్ళు తేనా, విసరనా," అని ఒకటే గోల.

నలభై ఆరేళ్ళ మనిషిని. బల్ల కింద.

ఫిబ్రవరి 12, బుధవారం

నాలుగో నంబరు.

ఇది పెద్ద కంపెనీ కాదు. ఎక్కడో మొగుడూ పెళ్ళాం నడుపుకునే చిన్న కార్ఖానా. ఒక్కో బ్లేడు మొనా బెండుముక్కలో గుచ్చి, చేత్తో రాసిన చీటీ పెట్టి పంపారు: ‘మొన మీద వేలు పెట్టకండి. మాకు అలవాటు కాబట్టి మేం పెడతాం.’

బిగించాను. లోతు సరిచూశాను, మొన ఫెల్టు దాటి కింద పరిచిన మ్యాట్‌ని ఊరికే ముట్టుకునేట్టు, అంతే. మీట నొక్కాను. చప్పుడు లేదు. ఫెల్టు కదలకుండా గాలి పీల్చి పట్టే పంపు మోత తప్ప ఇంకేం వినబడటం లేదు. ఆగిపోయిందేమోనని వంగి చూస్తే, నడుస్తోంది. ఆకులు ఒకదాని తర్వాత ఒకటి, చెట్టుకి కాసినవి కాసినట్టే విడివడుతున్నాయి. నూట నలభై ఆకులు. వేలితో తడిమితే కొస ఎక్కడ మొదలైందో తెలియదు, ఎక్కడ అయిపోయిందో మాత్రం తెలుస్తుంది. ఇన్నేళ్ళలో ఇలాంటి కోత చూడలేదు.

ఆయన అప్పుడు పైన ఫోన్లో ఉన్నారు. మెట్లు దిగి వస్తూ, "ఎలా ఉంది?" అన్నారు.

"ఇంకా చూడాలండీ," అన్నాను.

చూడాలి కదా. ఒక్క పూటకే బాగుందనేస్తే రేపేమైనా అయితే? జాగ్రత్త మంచిదే. పైగా ఐదూ ఆరూ ఇంకా డబ్బా కూడా విప్పలేదు. వాటికి అన్యాయం చేసినట్టవుతుంది.

ఫిబ్రవరి 13, గురువారం

నాలుగో నంబరు మొన విరిగింది. లోతు అర మిల్లీమీటరు ఎక్కువ దిగింది. పొరపాటున.

ఫిబ్రవరి 17, సోమవారం

ఆయనకి మనసొప్పలేదు. "అంత బాగా కోసిన బ్లేడు అలా ఎలా విరుగుతుందండీ? వాళ్ళు పంపిన రెండోది కూడా పెట్టి చూద్దాం," అన్నారు.

పెట్టాం. విరిగింది.

ఆయన ‘నాలుగు: పనికిరాదు’ అని రాశారు. కార్ఖానా వాళ్ళకి ఉత్తరం కూడా పంపేశారు. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. చాలాసేపు కడుక్కున్నాను.

వచ్చాక, "మొదట జవాబివ్వని ఆ రెండు కంపెనీలను కూడా ఇంకోసారి అడిగితే?" అన్నాను.

"నేనూ సరిగ్గా అదే అనుకుంటున్నాను," అన్నారు ఆయన.

ఇంకో పది రోజులు!

ఫిబ్రవరి 20, గురువారం

ఇవాళ నన్ను గోడవైపు తిరిగి నిలబడమన్నారు. నాలుగు పోగా మిగిలిన ఐదు నంబర్లనీ ఆయనే ఒక్కొక్కటీ మార్చి (నేర్చుకున్నారు, నెమ్మదే గానీ పని తెలిసింది) నడిపిస్తే, చప్పుడు విని నంబరు చెప్పాలి. ఐదుకి ఐదూ చెప్పాను. ఆయన చప్పట్లు కొట్టారు. ఫ్యాక్టరీలో, పని వేళలో!

తర్వాత ఆయన్ని తిప్పి నిలబెట్టాను. ఐదుకి సున్నా. అయినా ఎంత ధీమాగా చెప్పారో! "ఇది నిస్సందేహంగా రెండు." కాదు. "అయితే కచ్చితంగా ఐదు." కాదు. ఆ సున్నాని పుస్తకంలో స్కేలు పెట్టి గీత గీసి మరీ రాసుకున్నారు.

ఊళ్ళో ఎక్కడో మూడో అంతస్తులో అద్దె గదిలో ఒక్కరే ఉంటారట. పెళ్ళెందుకు చేసుకోలేదని నేను అడగలేదు. ఆయనే, "అడిగేవాళ్ళెవరూ దొరకలేదండీ," అన్నారు, స్క్రూ బిగిస్తూ.

ఆ స్క్రూ అరగంట బిగించారు.

ఫిబ్రవరి 23, ఆదివారం

సెలవు. ఆదివారాలు ఇంత పొడుగ్గా ఎప్పటినుంచి ఉన్నాయి?

పేకముక్కలు పంచుతూ అత్తయ్య అన్నారు, "మూడు వారాలుగా బ్లేడు ఇలా అంది, బ్లేడు అలా నవ్వింది అంటున్నావు. ఆ బ్లేడు వయసెంత?"

"యాభై ఉంటాయేమో," అనేశాను.

ముక్కలు ఆవిడ చేతిలోనే ఉండిపోయాయి. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. నన్ను పుట్టింటికి వెళ్ళమని ఆవిడా అనలేదు, వెళ్తానని నేనూ అనలేదు. ఇద్దరం అలా ఉండిపోయాం.

ఆవిడ ఆటలో ముక్క వేసి, "నీ వంతు," అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. ఏముందో నాకు అర్థం కాలేదు. ఆట మాత్రం నన్ను చిత్తుగా ఓడించారు.

ఫిబ్రవరి 26, బుధవారం

మేడమ్‌కి ఓపిక అయిపోయింది. "రెండు వారాలన్నాను, నాలుగో వారం నడుస్తోంది! పెళ్ళి సంబంధాలు కూడా ఇంతకన్నా త్వరగా కుదురుతాయి!"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన స్కేలు వైపు చూశారు.

"ఇవాళే తేల్చండి. ఏది?"

మళ్ళీ అడిగిన రెండు కంపెనీలూ ఈసారీ జవాబివ్వలేదు, ఐదు వంపులు తిరగలేకపోయింది, మిగిలింది ఆరే. ఆయన నన్నడిగారు. "ఆరు ఎలా ఉందండీ?"

"పరవాలేదండీ."

ఆరో నంబరు పెద్ద డబ్బా తెప్పించడానికి సంతకం అయిపోయింది. ఆరు కూడా మంచిదే. అరవై ఆకుల దాకా ఏ లోటూ లేదు. ఆరు కూడా మంచిదే.

ఆయన పైకి వెళ్ళిపోయారు.

మార్చి 3, సోమవారం

ఆకుల పని మొదలు. మధ్యాహ్నం మెట్ల దగ్గర ఎదురుపడ్డారు. "బ్లేడు గొంతు సవరించుకుంటోందా?" అన్నారు.

"లేదండీ, బాగానే పాడుతోంది," అన్నాను. అబద్ధం. డెబ్బయ్యో ఆకు నుంచీ దగ్గుతోంది. అయినా ఆ మాటకి ఆయన నవ్విన తీరుకి, తిరిగి వచ్చేటప్పుడు మెట్టు తప్పి గోడ పట్టుకున్నాను.

మార్చి 6, గురువారం

మొదటి విడతలో పంపిన ఆకుల్లో రెండు వందలు తిరిగొచ్చాయి. ఏ ఆకు చూసినా కొసన తోకే. పాఠశాల వాళ్ళు పంపిన కాగితంలో ఒక్కటే వాక్యం: ‘మేం అడిగినవి ఆకులు, గొంగళిపురుగులు కాదు.’

మేడమ్ కిందికే వచ్చారు. అందరం చూస్తుండగా ఆయన్ని నిలబెట్టి అడిగారు. "నాలుగు వారాలు స్కేలు పట్టుకుని మీరు కొలిచిందేమిటి?"

"నిర్ణయం నాదే మేడమ్," అన్నారు ఆయన.

"ఆవిడని అడిగే చేశారా?"

"నిర్ణయం నాదే."

నెలాఖరు దాకా చూసి ఇంకొకరిని పెట్టుకుంటానని మేడమ్ అనేశారు. సుత్తి కూడా నోరెత్తలేదు.

నేనూ ఎత్తలేదు.

మార్చి 7, శుక్రవారం

అత్తయ్యకి అంతా చెప్పేశాను. బ్లేడు, లోతు, రెండుసార్లూ. పొరపాటున అన్న మాట ఈసారి వాడలేదు.

ఆవిడ ముందు బుర్ర గోక్కున్నారు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు!

"పిచ్చిమొహమా! మనిషి కావాలంటే మనిషిని అడగాలి గానీ, బ్లేడు విరగ్గొడతారుటే ఎవరైనా?"

నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. కళ్ళు తుడుచుకోవడం మాత్రం నవ్వు ఆగాక కూడా ఆగలేదు.

"నా కొడుకు మంచివాడే," అన్నారు. "నువ్వు వాణ్ణి మర్చిపోతావని నాకు భయం లేదు. ఈ తొమ్మిదేళ్ళూ వాడి సంగతులు నాకు గుర్తు చేసింది నువ్వే కదా. కానీ సోమవారం నువ్వు వెళ్ళి ఆ మేడమ్‌కి నిజం చెప్పకపోతే మాత్రం నా మొహం చూడకు. ఆ కార్ఖానావాడి పెళ్ళాం ఎవరో గానీ, చేత్తో చీటీ రాసి పెట్టిందన్నావు చూడు, దాని మీద నాకు ఒకటే జాలిగా ఉంది."

అదే నన్నూ తింటోంది. ఆయనకి జరిగింది కళ్ళెదురుగా ఉంది. వాళ్ళకి జరిగింది నేను ఎప్పటికీ చూడను.

మార్చి 8, శనివారం

ఏం తినాలనిపించలేదు.

మార్చి 10, సోమవారం

చెప్పేశాను.

పైకి వెళ్ళేసరికి మేడమ్ గదిలో ఆయన కూడా ఉన్నారు. తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. కాళ్ళు వినలేదు, లోపలికే నడిచాయి.

"మేడమ్, అన్నిటికన్నా మంచి బ్లేడు నాలుగు. అది దానంతట అది విరగలేదు. నేనే లోతు అర మిల్లీమీటరు ఎక్కువ పెట్టి విరగ్గొట్టాను. రెండుసార్లు."

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎందుకు?"

"నాలుగు బాగుందంటే పరీక్షలు అయిపోతాయి మేడమ్. ఆయన పైకి వెళ్ళిపోతారు."

అనేశాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు. తెలిశాక చెవులు కాలిపోయాయి. ఆయన వైపు చూడలేదు. స్కేలు నేల మీద పడిన చప్పుడు మాత్రం విన్నాను.

మేడమ్‌కి కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ మూతి ఒక పక్క ఇంకేదో చేస్తోంది. "ఇంత పని నా ఫెల్టు మీదే చెయ్యాలా?" అన్నారు. తర్వాత శిక్ష చెప్పారు. నెల రోజులు రెండో బల్ల సుత్తికి. నేను సామాన్ల గదిలో కూర్చుని తిరిగొచ్చిన రెండు వందల ఆకుల తోకలూ కత్తెరతో కత్తిరించాలి. నాలుగో నంబరు కార్ఖానాకి నేనే ఫోన్ చేసి, జరిగింది జరిగినట్టు చెప్పి, క్షమించమని అడిగి, బ్లేడ్లు తెప్పించాలి.

నా బల్ల సుత్తికి! పంతొమ్మిదేళ్ళ నా బల్ల. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది. సగం మెట్లు దిగేసరికి, ఎందుకో తెలియదు, ఒళ్ళు దూదిలా తేలికైపోయింది. చివరి రెండు మెట్లూ దూకాను.

మార్చి 11, మంగళవారం

ఫోన్ చేశాను. కార్ఖానా ఆవిడే ఎత్తింది. మొత్తం చెప్పాను.

"మూడు వారాల నుంచీ మా ఆయన అన్నం సరిగ్గా తినట్లేదండీ," అంది. "మా మొన విరగదు. విరిగిందని మీ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ ఒక్కో బ్లేడూ తీసి దీపం దగ్గర చూస్తూ కూర్చుంటున్నారు. నా చెయ్యి పనైపోయిందే అంటున్నారు."

"తప్పు నాదండీ, ఆయన చెయ్యి బంగారం," అన్నాను.

"ఉండండి, ఈ మాట ఆయనకే చెప్పండి," అని పిలిచింది. రెండోసారి మళ్ళీ అంతా చెప్పాను. ఆయన విని, "అర మిల్లీమీటరేనా? మావి ముప్పావు దాకా తట్టుకోవాలే," అన్నారు. అప్పుడే గొంతులో హుషారు వచ్చేసింది! గురువారానికి పంపుతామన్నారు.

కొలబద్దగారు కిందికి రాలేదు.

మార్చి 12, బుధవారం

రాలేదు. ఎందుకొస్తారు? కొలతే ప్రాణమైన మనిషి. ఆ కొలతలోనే నేను చెయ్యి పెట్టాను.

తొంభై ఆకులు కత్తిరించాను.

మార్చి 13, గురువారం

మెల్లిగా రాయాలి. బొటనవేలు మండుతోంది.

నాలుగో నంబరు వచ్చింది. సుత్తి నా బల్ల మీద నడుపుతున్నాడు. చప్పుడు లేకపోవడం గోడ అవతల్నుంచి వింటూ కత్తిరిస్తున్నాను. తలుపు చప్పుడైంది. ఆయన.

కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. ఒక ఆకు తీసి కొస చూశారు. పెట్టేశారు.

"నాకు తెలుసండీ," అన్నారు.

"ఏం తెలుసు?"

"రెండోసారి విరిగినప్పుడు. మీరు చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. నేను మ్యాట్ మీద గాటు కొలిచాను. అర మిల్లీమీటరు ఎక్కువుంది."

కత్తెర పక్కన పెట్టాను. "మరి రాసుకోలేదే?"

"లేదు. జీవితంలో మొదటిసారి ఒక కొలత రాయలేదు. మ్యాట్ అరిగి ఉంటుందిలే అనుకున్నాను. అది కొత్త మ్యాట్. నేనే కొన్నాను. ఇంకో రెండు కంపెనీలను అడుగుదామని మీరన్నప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఉత్తరం పంపిన పాపంలో సగం నాది. సోమవారం మీరొక్కరే అంతా మీద వేసుకుంటుంటే నోరు పెగల్లేదు. మూడు రోజులు పట్టింది. పొద్దున వెళ్ళి మేడమ్‌కి చెప్పేశాను."

"అయ్యో! ఉద్యోగం?"

"ఉంది."

"ఏమన్నారు మరి?"

ఆయన కోటు జేబులో చెయ్యి పెట్టి ఒక కత్తెర తీశారు. సరికొత్తది.

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఆయన తుమ్మారు, అంటే నవ్వారు, ఇంక ఆ గదిలో డబ్బాలన్నీ కదిలిపోయేలా నవ్వాం. సుత్తి గోడ మీద కొట్టి, "ఏమైంది, ఏమైంది," అని అరిచాడు. తర్వాత నిజంగా పనిలో పడ్డాం. అరవై ఆకులు మిగిలి ఉన్నాయి. ఒక్కటీ ఆలస్యం చెయ్యలేదు నేను. కత్తెరలు ఎంత జోరుగా నడిచాయంటే ఇద్దరికీ బొటనవేళ్ళు బొబ్బలెక్కాయి. ఎందుకంటే పనయ్యాక నడుచుకుంటూ వెళ్దామా అని అడిగాను. నేనే అడిగాను. నోటితో.

"దారి ఎంత దూరం?" అన్నాడు.

"కొలవలేదు," అన్నాను.

ఇంటి గుమ్మం దగ్గర అత్తయ్య అతన్ని కిందినుంచి మీదికి ఒకసారి చూసి, "పేకాట వచ్చా బాబూ?" అన్నారు. రాదన్నాడు. "మంచిది, కూర్చో," అన్నారు.